చావూ లేదు, ఎదుగుదలా లేదు: భీమిలి దగ్గర ఒక ఈహెచ్‌పీ కేసు

విశాఖలో నేను నడిపేది చిన్న ల్యాబ్. రొయ్యలకి పీసీఆర్ పరీక్షలు (జబ్బు క్రిమి డీఎన్‌ఏ ఉందో లేదో చూసేవి), నీటి పరీక్షలు, అడిగినవాళ్ల చెరువుల దగ్గరికి వెళ్లి చూసి చెప్పడం, ఇదే పని. ఇక్కడ రాస్తున్నది భీమిలి దగ్గర గోస్తనీ ఉప్పుటేరు వైపు నాలుగు వనామీ రొయ్య చెరువులున్న ఒక రైతు కేసు. ఈహెచ్‌పీ అంటే రొయ్యని చంపకుండా ఎదుగుదలని ఆపేసే ఒక పరాన్నజీవి. పేరు రాయను, ఆ షరతు మీదే ఆయన ఒప్పుకున్నారు. పీసీఆర్ చేయిస్తే రిపోర్టుతో పాటు మందు పేరు కూడా వస్తుందని అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. మందు పేరు రాదు. ఏ చెరువు వెంటనే పట్టేయాలి (అంటే రొయ్యలు తీసి అమ్మేయాలి), ఏది ఉంచుకోవచ్చు, తర్వాతి పంటకి ముందు డబ్బు ఎక్కడ పెట్టాలి అనేది మాత్రం వస్తుంది, అది కూడా శాంపిల్ సరిగ్గా తీస్తేనే.

ఫోన్ వచ్చేసరికి పంట 70వ రోజు దగ్గర ఉంది. నాలుగు చెరువులూ ఇంచుమించు ఎకరం చొప్పున, ఒకే హ్యాచరీ సీడ్ (రొయ్య పిల్లలు), ఒకే బ్యాచ్, చదరపు మీటరుకి 40 పిల్లల లెక్కన వేశారు. వనామీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన పరిమితి 60, కాబట్టి మరీ ఒత్తుగా వేశారని అనలేం. ఆ వయసుకి రొయ్య 12, 13 గ్రాములు ఉండాలి. నాలుగో చెరువులో అలాగే ఉంది. మూడులో పది గ్రాముల దగ్గర. ఒకటి, రెండు చెరువుల్లో సగటు 7 గ్రాములు, ఆ సగటు కూడా నమ్మదగ్గది కాదు, ఎందుకంటే విసురు వల వేస్తే 3 గ్రాములది, 11 గ్రాములది పక్కపక్కనే పడుతున్నాయి. ఎక్కడా చావు లేదు. మేత తింటున్నాయో లేదో చూడటానికి పెట్టే చెక్ ట్రేలు ఖాళీ అవుతున్నాయి.

"ఏటి సార్ ఇది, మేత శుభ్రంగా తినేస్తన్నాయి, ఒళ్లు మాత్రం రావట్లేదు. మందేదైనా చెప్పండి, ఎంతైనా పర్వాలేదు," అన్నారాయన. అప్పటికే లివర్ టానిక్, గట్ ప్రోబయోటిక్, మినరల్స్, ఆర్గానిక్ యాసిడ్, వెల్లుల్లి ముద్ద, షాపులో ఎవరు ఏది చెబితే అది మేతకి పట్టించేశారు. ఆ సీసాలన్నీ పంపు షెడ్డులో వరసగా పేర్చి ఉన్నాయి, వాటి ఖరీదు కూడితే పరీక్షలు ఎన్నోసార్లు చేయించవచ్చు.

తెల్లమచ్చ వైరస్ గురించి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తొంభైల మధ్యలో టైగర్ రొయ్య పోయినప్పుడు వాళ్ల నాన్నగారు అప్పుల్లో పడ్డారట. ఆ వైరస్ వస్తే వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. అందుకే మన రైతులకి జబ్బు అంటే చావు అన్న లెక్క మనసులో బలంగా ఉండిపోయింది. చావు లేకపోతే జబ్బు లేదు, మేతలోనో మినరల్స్‌లోనో తేడా ఉందని అనుకుంటారు. ఈహెచ్‌పీ సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది.

పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపాటోపెనై. వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు, మైక్రోస్పోరిడియా అనే వర్గానిది, శిలీంధ్రాలకి దగ్గరి చుట్టం. థాయ్‌లాండ్‌లో టైగర్ రొయ్యల్లో కనిపెట్టి 2009లో ఈ పేరు పెట్టారు. ఇది రొయ్య హెపాటోపాంక్రియాస్‌లో, అంటే తల భాగంలో ఉండే ఆ గోధుమరంగు గ్రంథిలో చేరుతుంది. తిన్నది అరిగించేదీ అదే, కొవ్వు దాచుకునేదీ అదే. దాని స్పోరు (విత్తనం లాంటి గట్టి బీజం) నుంచి సన్నటి గొట్టం ఒకటి బయటికి విసురుకొచ్చి కణంలోకి గుచ్చుకుంటుంది, దాని గుండా లోపలి పదార్థం కణంలోకి దిగి అక్కడే పెరిగి మళ్లీ వేల స్పోర్లు అవుతుంది. కణాలు రాలిపోతాయి, స్పోర్లు మలంతో నీళ్లలోకి వస్తాయి, పక్క రొయ్య ఆ మలాన్నో, బలహీనంగా ఉన్న రొయ్యనో తింటుంది. మధ్యలో ఇంకో జీవి అవసరం లేదు. రొయ్య తింటూనే ఉంటుంది, తిన్నదాంట్లో పెరుగుదలకి మిగిలేది తక్కువ.

వెళ్లగానే ఈహెచ్‌పీ అని తీర్పు చెప్పలేదు. సైజు తేడాకి వేరే కారణాలూ ఉంటాయి. ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్ ఉన్నా వనామీ గిడసబారుతుంది, కాకపోతే అందులో ముక్కు కొమ్ము వంకర పోవడం కనిపిస్తుంది, ఇక్కడ అది లేదు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతోందా, ఆల్కలినిటీ ఎంత, మేత నిల్వలో బూజు పట్టిందా, ఇవన్నీ చూశాం. నీరు నాలుగు చెరువులకీ దాదాపు ఒకటే, మేత ఒకటే కంపెనీది, నాలుగో చెరువు బాగుంది. ఇంక తేడా చెరువులోనే ఉండాలి.

రెండో చెరువులో గాలి కొట్టే వైపు మూల తెల్లటి మలం తాళ్లు తేలుతున్నాయి. దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే పురుగుల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి. వీటిని చూసి గ్రెగరైన్ అనే పరాన్నజీవి అని చెప్పి దానికి మందు అమ్మేవాళ్లు మన కోస్తా పొడవునా ఉన్నారు, ఈ రైతుకీ ఎవరో అమ్మారు. చాలాసార్లు అవి పురుగులే కావు. హెపాటోపాంక్రియాస్ కణాల అంచున ఉండే సన్నటి నూగు ఊడిపోయి, చుట్టుకుని ఆ ఆకారంలోకి వస్తుంది, 2014లో థాయ్ పరిశోధకులు దీన్ని చూపించారు. ప్రాణమే లేనిదానికి మందు వేస్తే ఏం చస్తుంది? ఈహెచ్‌పీ స్పోరు సైజు ఒకటి, రెండు మైక్రాన్ల మధ్యే, మామూలు మైక్రోస్కోపులో దాన్ని పట్టుకోవడానికి చాలా అనుభవం కావాలి, ఉన్నా పొరపాటు పడొచ్చు. అందుకే పీసీఆర్.

శాంపిల్ దగ్గరే సగం పని

రైతులు మా దగ్గరికి శాంపిల్ తెచ్చే పద్ధతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చచ్చి పొద్దుటి నుంచి ఎండలో ఉన్న రొయ్యలు ప్లాస్టిక్ కవరులో, నాలుగు చెరువులవీ కలిపేసి, పైన ఐసు ముక్క. చచ్చిన రొయ్యలో ముందు కుళ్లేది హెపాటోపాంక్రియాసే, మనకి కావాల్సిందీ అదే. కొంతమంది ఫార్మలిన్‌లో వేసి తెస్తారు, అది కణజాలం కోసి చూడటానికి పనికొస్తుంది గానీ డీఎన్‌ఏని పాడుచేస్తుంది. పీసీఆర్‌కి 95 శాతం ఆల్కహాల్ కావాలి, లేదంటే బతికున్న రొయ్యే కావాలి.

ఈ కేసులో చెరువుకో సెట్టు, ఒక్కో చెరువులో మళ్లీ చిన్నవి వేరు, పెద్దవి వేరుగా తీశాం. చెక్ ట్రేల మీద పడిన మలం కూడా విడిగా తీశాం, ఎందుకంటే తర్వాత రొయ్యని చంపకుండా వారం వారం చూసుకోవడానికి అదే పనికొస్తుంది. పరీక్షకి స్పోర్ గోడ ప్రోటీన్ జీన్ వాడాం. పాత పద్ధతిలో రైబోజోమ్ జీన్ మీద చేసేవాళ్లు, అది పీతల్లో, ఇతర జీవుల్లో ఉండే దగ్గరి మైక్రోస్పోరిడియాకి కూడా పాజిటివ్ చూపించే ప్రమాదం ఉంది. రిపోర్టు తీసుకునేటప్పుడు ఏ జీన్ మీద చేశారని అడగండి, చెప్పలేని ల్యాబ్ అయితే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

రియల్ టైమ్ పీసీఆర్‌లో సీటీ అని ఒక సంఖ్య వస్తుంది. అది ఎంత తక్కువ ఉంటే జబ్బు అంత ఎక్కువ. ఒక్కో సైకిల్‌కి డీఎన్‌ఏ రెట్టింపు అవుతుంది కాబట్టి పది సైకిళ్ల తేడా అంటే సుమారు వెయ్యి రెట్లు. ఒకటి, రెండు చెరువుల్లో గిడసబారిన రొయ్యలకి సీటీ 22 దగ్గర వచ్చింది, అదే చెరువుల్లో పెద్దవాటికి 29, 30. మూడో చెరువు 33. నాలుగు నెగెటివ్. తెల్లమచ్చ అన్నిట్లోనూ నెగెటివ్. అంటే ఒకటో చెరువులో గిడస రొయ్యకీ మూడో చెరువు రొయ్యకీ మధ్య జబ్బు తేడా వెయ్యి రెట్ల పైనే. పాజిటివ్, నెగెటివ్ అని మాత్రమే రాసి ఉంటే మూడు చెరువులూ ఒకేలా కనిపించేవి, మూడూ ఒకే రోజు పట్టేసేవాళ్లు, లేదా మూడూ ఉంచేసేవాళ్లు.

సీడ్‌దా తప్పు, చెరువుదా?

రైతు బావమరిదికి ఏ అనుమానమూ లేదు. "హ్యాచరీవాడే ముంచేశాడు, పోయి గొడవ చేద్దాం," అన్నాడు. ఆ హ్యాచరీ ఇచ్చిన రిపోర్టులో ఈహెచ్‌పీ నెగెటివ్ అని ఉంది. ఆ రిపోర్టు ఎన్ని పిల్లల మీద చేశారో చూస్తే 30. ఇక్కడ చిన్న లెక్క ఉంది. నూటికి రెండు పిల్లలకి జబ్బు ఉందనుకోండి. 30 పిల్లల్ని తీస్తే అందులో ఒక్క జబ్బు పిల్ల కూడా పడకపోవడానికి సగానికి పైనే అవకాశం. అంటే బొమ్మాబొరుసు వేసినట్టే. 150 తీస్తే కనీసం ఒకటైనా దొరుకుతుందని 95 శాతం నమ్మకం. ఆ 150నీ ఒకే గొట్టంలో నూరేస్తే మళ్లీ పలచనైపోతుంది కాబట్టి చిన్న చిన్న గుంపులుగా విడగొట్టి చేయాలి, కళ్లు తీసేయాలి, రొయ్య కంటిలో ఉండే పదార్థాలు పీసీఆర్‌ని ఆపేస్తాయి. కాబట్టి ఆ రిపోర్టు అబద్ధం అనను, దాని బలం అంతే.

కానీ సీడే కారణమైతే నాలుగు చెరువుల్లోనూ రావాలి కదా. ఒకే బ్యాచ్, ఒకే రోజు వేసినవి. నాలుగోది శుభ్రంగా ఉంది. అప్పుడు పాత పంటల సంగతి అడిగితే అసలు విషయం బయటపడింది. ఒకటి, రెండు చెరువుల్లో కిందటి పంట కూడా కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) రాలేదు, రేటు బాగుందని త్వరగా పట్టేసి, అడుగు సరిగ్గా ఆరకుండానే నీళ్లు పెట్టేశారు. నాలుగో చెరువు మాత్రం గట్టు తెగి బాగుచేయించలేక వేసవంతా ఎండి బీటలు వారి ఉంది. ఆయన దాన్ని నష్టంగా లెక్కేసుకున్నారు, ఈ పంటలో నిలబెట్టింది ఆ ఎండే.

మూడు చెరువుల అంచు మట్టి తీసి పరీక్షించాం. మట్టితో ఒక చిక్కు ఉంది, అందులోని హ్యూమిక్ ఆమ్లాలు పీసీఆర్‌ని అడ్డుకుంటాయి, జబ్బు ఉన్నా నెగెటివ్ చూపిస్తుంది. అందుకే డీఎన్‌ఏని పలచన చేసి ఒకసారి, మనం కలిపిన వేరే డీఎన్‌ఏ అందులో పలుకుతోందో లేదో చూసుకుని ఒకసారి చేయాలి. ఆ రెండోది పలకకపోతే ఆ నెగెటివ్‌కి విలువ లేదు. ఒకటి, రెండు చెరువుల మట్టి పాజిటివ్ వచ్చింది. మూడుది రాలేదు, కానీ మూడో చెరువుకి వాడే వల, చెక్ ట్రేలు, నీళ్లు మార్చే పంపు అన్నీ ఒకటో చెరువువే. ఆ దారి సరిపోతుంది. ఒకటి, రెండుకి పాత అడుగు, మూడుకి పనిముట్లు అని నా నిర్ణయం. సీడ్‌ని పూర్తిగా వదిలేయలేను గానీ, హ్యాచరీతో గొడవకి ఈ ఆధారాలు చాలవని బావమరిదికి చెప్పాను. ఆయనకి నచ్చలేదు.

పట్టేయడం

ఇక్కడ టెన్షన్ మొదలైంది. చెరువులో రొయ్యలు ఉండగా ఈహెచ్‌పీని నయం చేసే నమ్మకమైన మందు ఏదీ నా చేతిలో లేదు. యాంటీబయాటిక్ అసలు పని చేయదు, ఇది బ్యాక్టీరియా కాదు కాబట్టి. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి మన దగ్గర నిషిద్ధం, ఆనవాళ్లు దొరికితే ఎగుమతి కంటైనరే వెనక్కి వస్తుంది, ఆ దెబ్బ ఒక్క రైతుతో ఆగదు. ప్రోబయోటిక్స్ అడుగుని, నీటిని మెరుగుపరుస్తాయి, విబ్రియో బ్యాక్టీరియాని అదుపులో ఉంచితే తెల్ల మలం తగ్గొచ్చు, స్పోరుని మాత్రం చంపవు. ఇది చెప్తే ఆయన ముఖం వాడిపోయింది. "ఇంకో నెల చూద్దాం, వంద కౌంట్ వస్తే కంపెనీవాళ్లు తీసుకుంటారు," అన్నారు.

లెక్క కాగితం మీద వేశాం. ఒకటి, రెండు చెరువుల్లో వారానికి అర గ్రాము కూడా పెరగడం లేదు. 7 గ్రాముల నుంచి 10 గ్రాములకి, అంటే 140 కౌంట్ నుంచి వంద కౌంట్‌కి రావాలంటే ఆరు వారాల పైనే, అదీ జబ్బు ఇంకా పెరగకపోతే. ఆ ఆరు వారాల మేత, ఏరేటర్ల కరెంటు, కౌంటు తేడా వల్ల వచ్చే ధర కన్నా ఎక్కువ తేలింది. లెక్క ఆయనే వేశారు, నేను కాలిక్యులేటర్ పట్టుకున్నానంతే. రెండు చెరువులూ ఆ వారంలోనే పట్టేశారు. ధర తక్కువే పలికింది. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లని అలాగే కాలవలోకి వదలొద్దని పట్టుబట్టాను, బ్లీచింగ్ వేసి కొన్ని రోజులు నిలిపి అప్పుడు వదిలారు.

మూడో చెరువుకి విడిగా వల, ట్రేలు కొన్నారు, పంపు పైపు మార్చారు, మేత తగ్గించి మధ్యలో చేరే బురదని సైఫన్ చేస్తూ వచ్చారు, చెక్ ట్రే మలం మీద వారం వారం పీసీఆర్. సీటీ 33 నుంచి మెల్లగా దిగుతూ 28 దగ్గరికి వచ్చిన వారం పట్టేశారు, 75 కౌంట్ వచ్చింది. ఇంకా ఉంచితే సైజు తేడా మొదలయ్యేది. నాలుగో చెరువు చివరిదాకా వెళ్లి 45 కౌంట్‌తో దిగింది.

సున్నం సంగతి

నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో ఎక్కువ డబ్బు మిగిల్చింది ల్యాబ్ కాదు, చెరువు తయారీ. స్పోరు గోడ గట్టిది, అడుగున నెలల తరబడి ఉంటుంది. దాన్ని చంపాలంటే అడుగు పీహెచ్ 12 దాటాలి. పద్ధతి ఇదీ: నల్ల బురద తీసి బయటకి పంపి, అడుగు ఎండబెట్టి, పది పన్నెండు సెంటీమీటర్ల లోతు దున్ని, హెక్టారుకి 6 టన్నులు, అంటే ఎకరానికి దాదాపు రెండున్నర టన్నుల కాల్చిన సున్నం చల్లి, తేమ తగిలేలా నీళ్లు కొట్టి, వారం ఆగాలి. షాపులో సున్నం అంటే ముగ్గు పొడి లాంటి వ్యవసాయ సున్నమో, డోలమైటో ఇచ్చేస్తారు, చవక. వాటిని ఎన్ని బస్తాలు పోసినా పీహెచ్ 12కి రాదు. కాల్చిన సున్నమైతే నీళ్లు తగలగానే పొగలు కక్కుతుంది, కళ్లజోడు, గ్లవ్స్, మాస్కు లేకుండా కూలీలని దింపకండి. ఈ రైతు మొదట తెప్పించిన లోడు పీహెచ్ కాగితం పెడితే ఎనిమిదిన్నర చూపించింది, వెనక్కి పంపారు.

మన వైపు ఇంకో ఇబ్బంది. అక్టోబరు, నవంబరులో తుపాన్లు, వానలు, అప్పుడు అడుగు ఆరదు. అందుకే ఏడాదికి ఒక్కసారైనా ఏప్రిల్, మే ఎండల్లో చెరువు ఖాళీగా ఉండేలా పంటల క్యాలెండర్ వేసుకోమన్నాను. ఒక పంట పోతుందని అందరూ వాదిస్తారు. సరే, పోనివ్వండి.

తర్వాతి సీడ్

ఎస్‌పీఎఫ్ తల్లి రొయ్యల పిల్లలు కాబట్టి జబ్బు రాదని ఆయన నమ్మకం. వనామీ తల్లుల్ని విదేశాల నుంచి తెచ్చి చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించి హ్యాచరీలకి ఇస్తారు, అది నిజమే. కానీ ఎస్‌పీఎఫ్ అంటే జాబితాలో ఉన్న జబ్బులు ఆ రోజుకి లేవని అర్థం, తట్టుకునే శక్తి ఉందని కాదు. హ్యాచరీకి వచ్చాక గుడ్లు బాగా పెట్టాలని వాటికి పాలీకీట్ పురుగుల్ని బతికున్నవి మేపుతారు. ఆ పురుగుల్లో ఈహెచ్‌పీ ఉంటే క్వారంటైన్ చేసిందంతా గాలికి పోతుంది. పురుగుల్ని మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టించి వాడితే ప్రమాదం బాగా తగ్గుతుంది, చేసే హ్యాచరీలు ఉన్నాయి, చెయ్యనివీ ఉన్నాయి. ఈసారి ఆయన మూడు హ్యాచరీలు తిరిగి తల్లి రొయ్యల మలం మీద పీసీఆర్ రిపోర్టు అడిగారు. రెండు చోట్ల "ఇలాంటివి ఎవరూ అడగరండీ" అన్నారట. మూడోచోట చూపించారు. అక్కడే తీసుకున్నారు, పిల్లల్లో 150 మా ల్యాబ్‌కి వచ్చాయి.

మధ్యలో ఆయన రొయ్య వదిలేసి చేపలకి వెళ్లిపోదామనీ అనుకున్నారు. మన పాండురంగాపురంలో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం 2007లోనే విశాఖ సముద్రంలో పంజరాల్లో పండుగప్ప పెంచి చూపించింది, ఇండియన్ పాంపనో పిల్లల ఉత్పత్తి కూడా అక్కడే సాధించారు. రొయ్య చెరువులో మధ్యలో ఒక పంట చేప వేయడం నాకు ఇష్టమైన ఆలోచనే. కానీ ఆయన దగ్గర పెట్టుబడి లేదు, చేపకి పంట కాలం ఎక్కువ, కొనేవాళ్లతో పరిచయం లేదు. పక్కన పెట్టాం.

కొత్త పంట చదరపు మీటరుకి 28 లెక్కన వేశారు. నెలకోసారి మలం పరీక్ష. ఒకటి, మూడు, నాలుగు చెరువులు చివరిదాకా నెగెటివ్. రెండో చెరువులో సగం దాటాక సన్నటి పాజిటివ్ వచ్చింది, సీటీ 35. వెతికితే పాత బురద తీసి పోసిన గుట్ట ఆ చెరువు గట్టు మీదే ఉంది, వానకి కరిగి లోపలికి జారింది. గుట్టని ట్రాక్టరుతో తీయించారు. పెరుగుదల పెద్దగా తగ్గలేదు, 55 కౌంట్‌కి పట్టేశారు, మిగతా మూడూ 50 లోపే వచ్చాయి.

ఇంకా తేలనిది ఒకటుంది. నీళ్లు తోడే కాలవలోకే పక్క రైతులు చెరువులు వదులుతున్నారు, వాళ్లలో పరీక్ష చేయించేవాళ్లు ఇద్దరికి మించి లేరు. రిజర్వాయరు చెరువు ఒకటి తీసి బ్లీచింగ్ చేసిన నీళ్లే వాడమని చెప్పాను, దానికి ఉన్న నాలుగింట్లో ఒక చెరువు వదులుకోవాలి. ఆయన బావమరిది ఒప్పుకోవడం లేదు. ఈ వేసవికి తేల్చుకోవాలి.